దవడ ఒక దూలం అనుకుంటే

కిష్కింధకాండ చివర్లో జాంబవంతుడు హనుమంతుడికి అతని పుట్టుపూర్వోత్తరాలు గుర్తుచేస్తాడు. సూర్యుణ్ణి పండు అనుకొని ఎగిరిన పిల్లాడి మీద ఇంద్రుడు వజ్రాయుధం విసిరాడనీ, వాడు కొండశిఖరం మీద పడితే ఎడమ దవడ విరిగిందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ. హనువు అంటే దవడ. రోజూ తలుచుకునే పేరులో ఒక ఫ్రాక్చర్ కేసు ఉందని మనకి పెద్దగా తట్టదు.

పురాణం పక్కన పెడితే, విరిగిన దవడ గురించి మనకి దొరికిన పాత వైద్య గ్రంథాల్లో ఎడ్విన్ స్మిత్ పపైరస్ ఒకటి. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో ఈజిప్టులో రాసిన ప్రతి. అందులో గాయాలన్నీ కేసుల వారీగా ఉంటాయి. ఒక్కో కేసులో వైద్యుడు ఓ తీర్పు చెప్తాడు: నేను వైద్యం చేస్తాను, లేదా చేయను. 25వ కేసు కీలు తప్పిన దవడ. బొటనవేళ్ళు నోట్లో పెట్టి, మిగతా వేళ్ళు గడ్డం కింద ఆనించి వెనక్కి నెట్టమంటాడు. ఈ రోజు క్యాజువాల్టీలో డాక్టరు చేసేదీ దాదాపు ఇదే. దానికి ముందున్న 24వ కేసు విరిగిన దవడ. దానికి తీర్పు, వైద్యం చేయదగినది కాదు అని. మన సుశ్రుతుడు కూడా దవడ కీలు విడిపోతే సరిచేసి, కాపడం పెట్టి, పంచాంగి అనే కట్టు కట్టమన్నాడు.

కీలు తప్పితే ధైర్యంగా చెయ్యి వేసిన ఈజిప్టు వైద్యుడు ఎముక విరిగితే ఎందుకు వెనక్కి తగ్గాడు? కాలు విరిగితే బద్దలు కట్టి పడుకోబెట్టొచ్చు. దవడకి ఆ వీల్లేదు. ఉమ్మి మింగినా కదులుతుంది, ఆవలించినా కదులుతుంది, నిద్రలో పళ్ళు కొరికినా కదులుతుంది. పైగా విరిగిన చోటు నోట్లోకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి చీము పట్టడానికి అన్ని అవకాశాలూ ఉంటాయి. విరిగిన ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచడం ఎలా? దవడ వైద్య చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. దానికి సరైన జవాబు దొరకాలంటే ముందు ఇంకోటి తెలియాలి: కొరికేటప్పుడు ఈ ఎముకలో ఏ చోట ఎంత బలం, ఏ దిక్కుగా పని చేస్తోంది? నాకు ఆసక్తి ఈ రెండో ప్రశ్న మీద. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం (మా క్లాసులో ముప్పావు వంతు మంది కథ ఇదే). కాలేజీలో దూలాల వంపు లెక్కలు చేస్తున్నప్పుడు అవి ఎవరి మూతికైనా పనికొస్తాయని ఏ మాష్టారూ చెప్పలేదు.

లెక్కలు లేని కాలంలో ఉన్న ఉపాయం కట్టెయ్యడమే. హిపోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రీకు గ్రంథంలో, విరిగిన చోటుకి అటూ ఇటూ ఉన్న పళ్ళని బంగారు తీగతో గానీ నారదారంతో గానీ కలిపి కట్టమని ఉంది. దాదాపు రెండువేల ఏళ్ళ పాటు దీని మీద చెప్పుకోదగ్గ మెరుగు ఏమీ రాలేదనే చెప్పాలి. 1865 ఏప్రిల్‌లో అమెరికా విదేశాంగ మంత్రి విలియం సెవార్డ్ గుర్రబ్బండి మీంచి పడి దవడ, చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మంచం మీద ఉండగానే, లింకన్‌ని కాల్చిన రాత్రే, ఒకడు ఇంట్లో చొరబడి ఆయన ముఖం మీద కత్తితో పొడిచాడు. బతికాడు. ఆ తర్వాత న్యూయార్క్ దంతవైద్యుడు థామస్ గన్నింగ్, గట్టిపరిచిన రబ్బరుతో పళ్ళ మీద సరిగ్గా కూర్చునే తొడుగు చేసి ఆయన నోట్లో బిగించాడు. ఆ తొడుగుని ఇప్పటికీ గన్నింగ్ పేరుతోనే పిలుస్తారు. 1887లో థామస్ గిల్మర్ అనే మరో అమెరికన్ పై పళ్ళనీ కింది పళ్ళనీ తీగలతో కలిపి కట్టే పద్ధతి వివరించాడు. పై దవడనే కింది దవడకి బద్దగా వాడుకోవడం అన్నమాట. తెలివైన ఉపాయమే. కానీ రోగికి నాలుగు నుంచి ఆరు వారాలు నోరు మూతే. పళ్ళ సందుల్లోంచి పోసే ద్రవాలే తిండి. మనిషి చిక్కిపోతాడు. వాంతి వస్తే ఊపిరాడక చచ్చిపోతాడన్న భయంతో, తీగలు తెంచే కటకటర్ మంచం పక్కనే పెట్టుకోమనేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం ఇదే నడిచింది.

ఈలోగా లెక్కలు వేరే దారిలో వస్తున్నాయి. 1638లో, చూపు పోయిన గెలీలియో అచ్చువేయించిన పుస్తకంలో రెండు బొమ్మలున్నాయి. ఒకటి గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలం, దాని చివర వేలాడే బరువు. రెండోది ఎముక: జంతువు పెద్దదయ్యే కొద్దీ ఎముక పొడవుతో సమానంగా లావెక్కితే చాలదు, ఇంకా ఎక్కువ లావెక్కాలి అని. దూలం బలం ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఆయన సరిగ్గానే పట్టాడు. దూలం మొత్తం లాగుడుకే గురవుతుందనుకోవడం వల్ల అసలు విలువ మాత్రం మూడు రెట్లు ఎక్కువొచ్చింది. నిజానికి వంగే దూలంలో ఒక వైపు లాగుడు, రెండో వైపు నొక్కుడు, మధ్యలో ఏదీ లేని గీత ఉంటాయి. దీన్ని ఇంట్లో చూడొచ్చు. రబ్బరుని వంచండి, బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు ముడతలు పడుతుంది.

తర్వాతి మజిలీ 1866, జూరిక్. శరీర నిర్మాణ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ మేయర్ తొడ ఎముకని నిలువునా కోసి, లోపలి మెత్తటి ఎముకలో సన్నటి పోగులు ఎలా వంపులు తిరిగాయో చూపిస్తున్నాడు. అక్కడున్న కార్ల్ కుల్మాన్ వంతెనల ఇంజనీరు. క్రేన్‌లో బలాలు ప్రవహించే గీతలు తను గీస్తే అచ్చం అలాగే ఉంటాయి కదా అని ఆశ్చర్యపోయాడు. ఆ పోలిక మీదే బెర్లిన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లో తన సిద్ధాంతం కట్టాడు: ఎముక మీద పడే భారం మారితే ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుంది. వైద్య పుస్తకాల్లో ఇది ఇప్పటికీ వోల్ఫ్ నియమమే. అందమైన కథ, కానీ నాకు ఇందులో ఎక్కువ నచ్చేది కుల్మాన్ వదిలేసిన సంగతి. క్రేన్‌కి కండరాలుండవు. కుల్మాన్ గీతల్లో తొడ ఎముక పక్కకి లాగే పిరుదు కండరాల ఊసే లేదు. గీతలు మాత్రం ఎముక పోగులతో చక్కగా కలిశాయి. పోలిక బాగా కుదిరినప్పుడు, వదిలేసినదాన్ని ఎవరూ అడగరు.

దవడ దగ్గరికి వచ్చేసరికి కండరాల్ని వదిలేద్దామన్నా కుదరదు. అడకత్తెర తీసుకోండి. ఒక చివర కీలు, మధ్యలో వక్క, రెండో చివర చెయ్యి. చెయ్యి దూరంగా ఉంది కాబట్టి తక్కువ బలంతో వక్క పగులుతుంది. దవడ దీనికి తిరగేసిన రకం. చెవి ముందు కీలు, దాని పక్కనే నమిలే కండరం, ఎక్కడో ముందు పన్ను. అంటే అడకత్తెర చివర వక్క పెట్టి, కీలు దగ్గర చేత్తో నొక్కుతున్నట్టు. ఉదాహరణకి కీలుకి మూడు సెంటీమీటర్ల దూరంలో కండరం, తొమ్మిది దగ్గర ముందు పన్ను ఉందనుకుందాం. పన్ను దగ్గర ఒక కిలో బలం రావాలంటే కండరం మూడు కిలోలు లాగాలి. మిగిలిన రెండు కిలోలూ కీలు మీద పడతాయి.

ఇక్కడే ఓ పేచీ వచ్చింది. అంత భారం మోసేట్టు ఆ కీలు కనిపించదు. పుర్రెలో దాని గుంట పైకప్పు వెలుతురు కనపడేంత పలచన. అందుకని కొందరు, దవడ అసలు లివరే కాదు, కండరాల మొత్తం లాగుడు సరిగ్గా కొరికే పన్ను గుండానే పోతుంది, కీలు మీద బరువేమీ పడదు అని వాదించారు. దశాబ్దాలు నడిచిన వాదన ఇది. 1975లో విలియం హైలాండర్ ఈ ప్రశ్ననే శీర్షికగా పెట్టి ఒక వ్యాసం రాసి లివర్ పక్షాన నిలబడ్డాడు. అక్కడితో ఊరుకోలేదు. కోతుల దవడ ఎముక మీద స్ట్రెయిన్ గేజ్‌లు అతికించాడు. ఇవి వంతెనల మీద, విమానం రెక్కల మీద అతికించే లోహపు పొరలే. ఎముక ఇసుమంత సాగినా వాటి విద్యుత్ నిరోధం మారుతుంది. కోతి నములుతుంటే కీలు మెడ దగ్గర గేజ్‌లు నొక్కుడు చూపించాయి. కీలు భారం మోస్తోందని తేలిపోయింది. గడ్డం దగ్గర ఎముక ఎలా విప్పారుతుందో కూడా ఆయనే చూపించాడు: రెండు వైపులా లాగితే పంగలకర్ర చీలబోయినట్టు, లోపలి అంచు సాగి, బయటి అంచు నొక్కుకుంటుంది.

నోరు బార్లా తెరిచినప్పుడు దవడ రెండు కొమ్మలూ కొద్దిగా దగ్గరికొస్తాయని దంతవైద్యులందరికీ తెలుసు. మిల్లీమీటరులో ఏ కొంత భాగమో. అయినా కట్టుడు పళ్ళ అచ్చు తీసేటప్పుడు అది తేడా చూపిస్తుంది. మనం రాయి అనుకునేది నిజానికి ఒక స్ప్రింగు.

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్‌లోకి వెళదాం. 1958లో స్విట్జర్లాండ్‌లో కొందరు సర్జన్లు ఏఓ అనే బృందంగా ఏర్పడ్డారు. విరిగిన ముక్కల్ని లోహపు ప్లేట్లతో ఒత్తి బిగించాలి, ఏ కదలికా మిగలకూడదు అన్నది వాళ్ళ పద్ధతి. కాళ్ళూ చేతుల్లో అద్భుతంగా పనిచేసింది. దవడకి కూడా అదే తెచ్చారు. అయితే దవడలో పై సగమంతా పళ్ళ వేళ్ళు, వాటి కింద పెదవికి స్పర్శనిచ్చే నరం. మందపాటి ప్లేటు, ఎముకని ఈ చివర నుంచి ఆ చివరకి తొలిచే స్క్రూలు పట్టే చోటు కింది అంచు ఒక్కటే. అక్కడికి చేరాలంటే మెడ పైన చర్మం కోయాలి. మచ్చ మిగులుతుంది. కింది పెదవిని కదిపే నరం కొమ్మ తెగితే మూతి వంకర పోతుంది. ఇదొక ఎత్తయితే, దూలం లెక్క ప్రకారం అది ప్లేటు పెట్టాల్సిన చోటే కాదు.

ఇది మన సెంట్రింగ్ మేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు. గదిపైన స్లాబుకి ఇనుప కడ్డీలు కింద వేస్తాడు, బాల్కనీకి పైన వేస్తాడు. బాల్కనీ ఒక వైపే ఆధారం ఉన్న దూలం, చివర బరువు పడితే దాని పై భాగం సాగుతుంది, కాంక్రీటు సాగుడుకి ఆగదు కాబట్టి కడ్డీ అక్కడే ఉండాలి. ముందు పళ్ళతో కొరికే దవడ కూడా బాల్కనీ లాంటిదే. వెనక కండరం పైకి లాగుతోంది, ముందు ఆహారం కిందికి నెడుతోంది. విరిగిన చోట పై అంచు తెరుచుకుంటుంది, కింది అంచు మూసుకుంటుంది. కింది అంచున ఎంత లావు ప్లేటు వేసినా పైన నోరు తెరుచుకునే ప్రయత్నం చేస్తూనే ఉంటుంది. అందుకే ఏఓ వాళ్ళు పైన పళ్ళకి ఇంకో కట్టు కూడా కట్టాల్సొచ్చేది.

1973లో ఫ్రాన్స్‌లో మిషెలే అనే సర్జన్, ఆయన సహచరులు నోట్లోంచే చిన్న ప్లేట్లు బిగించడం మొదలుపెట్టారు. అది పనిచేస్తుందని అనుభవంలో తెలిసింది. ఎందుకు పనిచేస్తుందో లెక్క కట్టినది స్ట్రాస్‌బూర్గ్‌లో మాక్సిమ్ షాంపీ బృందం. 1976, 1978ల్లో వచ్చిన వాళ్ళ వ్యాసాల్లో దవడ మీద ఒక గీత గీసి ఉంటుంది. లాగుడు పడే చోట్లన్నీ కలుపుతూ పోయే గీత. వెనక మూల దగ్గర పై అంచున మొదలై, పళ్ళ వేళ్ళకి కాస్త దిగువగా ముందుకొస్తుంది. కోర పళ్ళ మధ్య, గడ్డం దగ్గర మాత్రం మెలి తిరిగే బలం కూడా ఉంటుంది కాబట్టి అక్కడ రెండు గీతలు. ఆ గీత మీద మిల్లీమీటరు మందం ప్లేటు, రెండు మిల్లీమీటర్ల స్క్రూలు, అవీ ఎముక బయటి పెంకు వరకే. వేళ్ళకి తగలవు, నరానికి తగలవు. చర్మం కోయక్కర్లేదు. చాలామందికి నోరు కట్టెయ్యక్కర్లేదు. నొక్కుడు సంగతి ఎముకే చూసుకుంటుంది, ప్లేటు లాగుడు ఒక్కటే ఆపితే చాలు.

ఏఓ సర్జన్లకి ఇది నచ్చలేదు. ఇంత సన్నటి రేకు దవడని ఆపుతుందా అన్నారు. వాళ్ళ అనుమానంలో న్యాయం లేకపోలేదు. షాంపీ గీత ఒక ప్రత్యేకమైన కొరుకుడుకి గీసినది. మనిషి ముందు పళ్ళతోనే తినడు కదా.

ఈ అనుమానం తీర్చడానికి ఇంకో రంగం నుంచి పనిముట్టు వచ్చింది. 1956లో బోయింగ్ విమానాల రెక్కల లెక్కల కోసం టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు ఒక పద్ధతి ప్రచురించారు. సంక్లిష్టమైన ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ సులువైన సమీకరణం రాసి, అన్నిటినీ కంప్యూటర్‌తో ఒకేసారి సాధించడం. దానికి ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరు 1960లో క్లఫ్ పెట్టాడు. 1972కి తొడ ఎముక దాకా వచ్చింది. 1992లో వాంకూవర్‌లో కోరియత్, రొమిలీ, హానమ్ పళ్ళతో సహా మనిషి దవడకి మూడు కొలతల నమూనా చేశారు. దూలం పోయింది, వేల ముక్కల ఎముక వచ్చింది.

కంప్యూటర్ ముక్కలకి ఆకారం సీటీ స్కాన్ ఇస్తుంది. కానీ ముక్క ఎంత గట్టిదో ఎవరు చెప్పాలి? 1987లో ఆష్‌మన్, వాన్ బస్కిర్క్ ఒక దవడలోంచి ఎముక ముక్కలు కోసి, వాటిలోంచి అల్ట్రాసౌండ్ తరంగాలు పంపి, వేగం కొలిచి లెక్క కట్టారు. గట్టి పదార్థంలో ధ్వని వేగంగా పోతుంది, అంతే సూత్రం. ఒక దిక్కున 10.8 గిగాపాస్కల్స్, ఇంకో దిక్కున 13.3, దవడ పొడుగునా 19.4. పోలికకి, ఉక్కు 200 దగ్గర, టైటానియం 110 దగ్గర ఉంటాయి. అంకెల కంటే ముఖ్యం వాటి మధ్య తేడా. టేకు చెక్క ఈనె వెంట ఒకలా, ఈనెకి అడ్డంగా ఇంకోలా ఉన్నట్టు, దవడకి కూడా ఈనె ఉంది. అది గుర్రపు నాడాలా వంగిన ఎముక పొడుగునా సాగుతుంది. తొడ ఎముకని తీసుకొచ్చి వంచి పెట్టినట్టు. అయినా చాలా నమూనాల్లో అన్ని దిక్కులకీ ఒకే అంకె వేసేసి నడిపించేస్తారు. ప్రోగ్రాంలో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకి పోదు కాబట్టి ఏదో ఒకటి నింపాలి. ఈ బాధ నాకు బాగా తెలిసిందే. రంగురంగుల బొమ్మ బయటికొచ్చాక ఆ గడిలో ఏముందో అడిగేవాళ్ళుండరు.

షాంపీ గీత మీద తీర్పు మాత్రం వచ్చింది. 1991లో క్రూన్, ఆయన సహచరులు నమూనా దవడల మీద ప్లేట్లు బిగించి, బరువు పెట్టే చోటు మారుస్తూ పోయారు. విరిగిన చోటుకి దగ్గర్లో ఉన్న దవడ పన్ను మీద బరువు పడితే పరిస్థితి తిరగబడింది. లాగుడు కింది అంచుకి వెళ్ళింది, పై ప్లేటు ఉండగానే కింద సందు తెరుచుకుంది. బాల్కనీ అనుకున్నది గదిపైన స్లాబుగా మారిందన్నమాట. కాబట్టి దవడ మూల విరిగితే పైన ఒక ప్లేటు చాలదు, కింద ఇంకోటి కూడా ఉండాలి. బల్ల మీద పరీక్షల్లో రెండు ప్లేట్లు ఒక ప్లేటు కంటే గట్టిగా నిలిచాయి. ఇంజనీరుగా నాకు ఇందులో వాదించడానికేమీ కనిపించదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. డాలస్‌లో ఎడ్వర్డ్ ఎల్లిస్ అనే సర్జన్ దవడ మూల విరిగిన తన రోగుల మీద ఒక్కో పద్ధతీ వరసగా వాడి లెక్క రాసుకుంటూ వచ్చాడు. 1994లో రెండు చిన్న ప్లేట్ల ఫలితం ప్రచురించాడు: 28 శాతం మందిలో చీము పట్టడం వగైరా ఇబ్బందులు. 1996లో ఒకే ఒక్క ప్లేటు ఫలితం: 16 శాతం, అందులోనూ ఎక్కువ భాగం చిన్నాచితకావే. లెక్క ప్రకారం బలహీనమైన పద్ధతి రోగుల దగ్గర నెగ్గింది.

ఎందుకన్నదానికి ఎల్లిస్ చూపించిన కారణాలు రెండూ నమూనాలో లేనివే. ఒకటి, రెండో ప్లేటు పెట్టాలంటే ఎముక మీంచి ఇంకాస్త కండ ఒలవాలి, ఎముకకి నెత్తురు తెచ్చేది ఆ పొరే. రెండోది నాకు మరీ నచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాడు దవడ పళ్ళతో గట్టిగా కొరికితే యాభై, అరవై కిలోల బరువుకి సమానమైన బలం వస్తుంది. బల్ల మీద పరీక్షలన్నీ అలాంటి బలాల్ని దృష్టిలో పెట్టుకుని చేసేవే. ఎల్లిస్ బృందం 1994లోనే ఆపరేషన్ అయిన రోగుల చేత కొరికించి కొలిచింది. వారాల తరబడి వాళ్ళ కొరుకుడు మామూలు మనుషుల కంటే చాలా తక్కువగా ఉంది. దెబ్బతిన్న కండరం లాగదు. మనిషి నొప్పికి భయపడి రెండో వైపు నములుతాడు, మెతుకులు పిసికి తింటాడు. కుల్మాన్ క్రేన్‌లో కండరం లేనట్టే, ఈ లెక్కల్లో భయం లేదు.

దీన్నిబట్టి లెక్క పనికిరాదనుకునే వాళ్ళకి ఇంకో రకం దవడ చూపించాలి. పళ్ళు ఊడిపోతే వాటిని పట్టుకున్న ఎముక కరిగిపోతుంది, వోల్ఫ్ చెప్పినట్టే. 1972లో తాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు కట్టుడు పళ్ళు పెట్టుకున్నవాళ్ళని పాతికేళ్ళు గమనించి, కింది దవడ ముందు భాగం పై దవడ కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కరిగిందని చూపించింది. మూడు సెంటీమీటర్ల ఎత్తున్న దూలం ఒకటిన్నరకి వచ్చిందనుకుందాం. గెలీలియో వర్గం ప్రకారం బలం నాలుగో వంతుకి, వంపుకి ఎదురు నిలిచే బిగి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. బోసినోటి పెద్దాయన కొరుకుడు కూడా తగ్గుతుంది నిజమే. కానీ ఆ దవడ విరిగితే, కింది అంచున నొక్కుడు మోయడానికి షాంపీ నమ్ముకున్న ఎముకే అక్కడ లేదు. సన్నటి ప్లేటు వంగుతుంది, లేదా స్క్రూలు ఊడతాయి. అందుకని ఇలాంటి వాళ్ళకి సర్జన్లు మళ్ళీ బయట నుంచి చర్మం కోసి, కింది అంచున మందపాటి ప్లేటు వేసి, విరిగిన చోటుకి ఇటు మూడు, అటు మూడు తక్కువ కాకుండా స్క్రూలు బిగిస్తున్నారు. ఎముక అతుక్కునేదాకా భారం మొత్తం ఆ ప్లేటే మోస్తుంది.